నీటి దారిలో హద్దురాళ్ళు

ఊరి పొలిమేరలో ఎర్రమట్టి రోడ్డు పడి, సున్నం కొట్టిన హద్దురాళ్ళు లేచి, రంగుజెండాలు ఎగిరాయంటే ఆ ఏడు అక్కడ నాట్లు లేవని కూలి మనిషికి వేరే చెప్పనక్కరలేదు. ఎకరాకు ఎన్ని బస్తాలన్న లెక్క పోయి గజం ఎంతన్న లెక్క వస్తుంది.

స్థలంలో డబ్బు పెట్టడమే నేరమని మేము అనడం లేదు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన నాలుగు రాళ్ళతో నూరు గజాలు కొని తలదాచుకోవాలనుకునే బడిపంతులూ, ఆటో డ్రైవరూ, కూలి కుటుంబమూ మనవాళ్ళే. మా ప్రశ్న ఒక్కటే. ఆ నూరు గజాలు నీరు నిలిచే చోటా? నీరు నడిచే దారా? కొనేవాళ్ళు కాగితం చూస్తారు, రోడ్డు చూస్తారు, రేపు ధర ఎంత పెరుగుతుందో చూస్తారు. నీటి దారిని ఎవరు చూస్తున్నారు?

మన చెరువులు విడివిడి గుంటలు కావు, గొలుసుకట్టు. పై చెరువు నిండి అలుగు దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరాలి. నడుమ వాగు పూడ్చి వెంచరు వేస్తే గొలుసు తెగుతుంది. కింది చెరువు ఎండుతుంది, నడుమ కాలనీ మునుగుతుంది. 2020 అక్టోబరులో హైదరాబాదులో పల్లె చెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి బస్తీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ సింగ్ నగర్ జనం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నారు. వాన విపరీతంగా పడిన మాట నిజమే. కాని నీటి దారిని ఇరుకు చేసింది వాన కాదు గదా!

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2002లో వాల్టా చట్టం వచ్చింది. శిఖం భూమికి పట్టా ఉన్నా, నీరు దిగాక పంట వేసుకోవాలే తప్ప ఇల్లు కట్టరాదు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు ఖాళీగా వదలాలని 2012 భవన నిబంధనలు చెప్పాయి. చెరువులు, కుంటలు సమాజపు ఉమ్మడి ఆస్తి అని, వాటిని ఇళ్ళ స్థలాలుగా పంచరాదని 2001లో సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. అయినా రాత్రికి రాత్రి టిప్పర్లు మట్టి పోస్తూనే ఉన్నాయి.

చెరువు పోతే నష్టపోయేదెవరు? భూయజమానికి ధర ముడుతుంది, దళారీకి కమీషను ముడుతుంది. ఆయకట్టులో నాటు, కలుపు, కోత పనుల మీద బతికే కూలీకి ఏం ముడుతుంది? కౌలుదారుకు? చేపలు పట్టే బెస్తలకు, ముదిరాజులకు? బట్టలుతికే రజకులకు? వీళ్ళ పేర్లు ఏ రిజిస్ట్రేషన్ కాగితంలోనూ ఉండవు. 2015లో అమరావతి భూసమీకరణలో యజమానులకు ప్లాట్లు, ఏటా కౌలు ఇస్తామన్న ప్రభుత్వం భూమిలేని కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను అన్నది. ఆ పింఛను చాలిందని కాదు. భూమి చేతులు మారితే కూలీ నష్టపోతాడని ప్రభుత్వమే ఒప్పుకున్నదని గుర్తుచేస్తున్నాం. ప్రైవేటు వెంచర్లలో ఆ పాటి ఒప్పుకోలు కూడా లేదు.

2024లో హైదరాబాదులో హైడ్రా వచ్చింది, బుల్‌డోజర్లు కదిలాయి. చెరువును కాపాడవలసిందే. అయితే శిఖంలో ప్లాట్లు కోసి అమ్మినవాడు డబ్బుతో దాటిపోయాక, అనుమతి ఇచ్చిన అధికారి కుర్చీలో ఉండగా, అప్పు చేసి కొన్న పేదవాడి గోడ ఒక్కటే కూలితే అదెక్కడి న్యాయం?

అందుకే మేము డిమాండు చేస్తున్నాం. ప్రతి ఊరి చెరువు హద్దునూ, వాగు హద్దునూ సర్వే చేసి గ్రామసభలో చదివి వినిపించాలి, పంచాయతీ గోడ మీద పటం పెట్టాలి. శిఖంలో అమ్మినవారిపైనా, అనుమతించినవారిపైనా కేసులు పెట్టి కొన్నవారి సొమ్ము తిరిగి ఇప్పించాలి; పేదల ఇల్లు తీసేముందు వేరే ఇల్లు చూపాలి. ఆయకట్టు భూమిని వ్యవసాయేతరంగా మార్చేముందు కౌలుదారుల, కూలీల నష్టం లెక్కగట్టి చెల్లించాలి.

స్థలం కొనబోయేవారికి మా మాట: ఎండాకాలంలో కారులో వచ్చి చూసి బయానా ఇవ్వకండి. వానాకాలంలో ఒకసారి రండి. తూములు తిప్పిన ముసలి నీరటిని, ఆ పొలంలో నాటు వేసిన అమ్మను అడగండి. నీళ్ళు ఎంతవరకు వచ్చేవో కాలు పెట్టి చూపిస్తారు.

కూలి సంఘాల కార్యకర్తలకు మా మాట: ఆ ముసలివాళ్ళు ఉండగానే వాళ్ళను వెంటబెట్టుకుని చెరువు చుట్టూ తిరగండి. హద్దులు కాగితం మీద రాసుకుని, సంతకాలు, వేలిముద్రలు పెట్టించి గ్రామసభ ముందు ఉంచండి. వెంచరు వాళ్ళు రాళ్ళు పాతక ముందే ఈ పని జరగాలి.