నవలలో హీరోను నమ్మాలా?



మన హాస్టల్‌లో లైట్లు ఆర్పినంక దుప్పటి కింద టార్చి వేసుకొని నవలలు చదివేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో నేనూ ఒకదాన్ని. యద్దనపూడి సులోచనారాణి గారు 1960లలో రాసిన ‘సెక్రటరీ’ అట్లనే చదివాను. 1976లో దాన్ని సినిమాగా కూడా తీశారు.

అందులో జయంతి బతకడానికి ఉద్యోగం చేస్తుంది. డబ్బున్నవాడి ముందు తల వంచదు. ఆమెను నేను నమ్మాను. అలాంటి అక్కలు మన తండాల్లో ఉన్నారు. కాని రాజశేఖరం? అందం, డబ్బు, కారు అన్నీ ఆయనకే! మన సాగర్ బస్టాండులో రోజంతా నిలబడినా అలాంటి మనిషి ఒక్కడూ కనబడడు.

“కథే కదా, ఏం పోయింది?” అంటారు. మా తండాలో ఒక అక్క, కథలో హీరోలాగ మాట్లాడినవాణ్ణి నమ్మి పదో తరగతి మధ్యలో మానేసింది. ఇప్పుడు పత్తి చేనుకు కూలికి పోతున్నది. కథ పెళ్ళితో అయిపోతుంది. బతుకు అక్కడే మొదలైతది.

మేడం, నవలలు లాక్కోకండి. మేమే చదివేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాం. వీళ్ళ ఇల్లు ఎట్ల గడుస్తుంది? అమ్మానాన్న ఏమన్నారు? అమ్మాయి చదువు ఏమైంది? వీటికి జవాబు లేని కథను సరదాగా చదువుదాం, నమ్మొద్దు.

జవాబులున్న ప్రేమకథ, మన తండా అమ్మాయి కథ, మనలోనే ఒకరు రాయాలి. వచ్చే నెల ఈ గోడ మీదనే పెడదాం. ఏమంటారు?

– పదవ తరగతి విద్యార్థిని