ఒక్క ‘షుడ్’ ఖరీదు
సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు సగం ఆఫీస్ మెయిల్స్ ఫోన్‌లోనే కొట్టేస్తుంటా. మొన్న ఒకటి అలాగే పంపా: ‘అప్‌డేట్‌కి ముందు యు షుడ్ టేక్ ఎ బ్యాకప్.’ టీమ్‌లో కొత్తగా చేరిన ఢిల్లీ కుర్రాడు దాన్ని సలహా అనుకుని వదిలేశాడు. అప్‌డేట్ ఫెయిలైంది. డేటా మళ్లీ ఎక్కించేసరికి తెల్లారింది. ‘మీరు మస్ట్ అనలేదుగా!’ అన్నాడు. నిజమే, తప్పు నాదే.

చిక్కంతా మన ‘ఆలి’తోనే. ‘నీళ్లు ఎక్కువ తాగాలి’ అంటే సలహా. ‘రైలెక్కితే టికెట్ తీసుకోవాలి’ అంటే తప్పనిసరి. రెండింటికీ అదే ‘ఆలి’. ఎదురుగా ఉంటే గొంతును బట్టి అర్థమైపోతుంది. మెయిల్‌కి గొంతుండదు కదా!

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్లకీ ఈ తలనొప్పి ఉండేది. అందుకే 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే చిన్న పత్రంలో తేల్చేశారు. మస్ట్ అంటే చేసి తీరాలి. షుడ్ అంటే సరైన కారణం ఉంటే, పర్యవసానాలు ఆలోచించుకుని మానేయొచ్చు. మే అంటే మీ ఇష్టం.

ఇప్పుడు నేను ముందు తెలుగులో అనుకుంటున్నా. ‘చెయ్యక తప్పదు’ అయితే మస్ట్ లేదా హ్యావ్ టు. ‘చేస్తే మంచిది’ అయితే షుడ్. ‘చెయ్యకూడదు’కి మస్ట్ నాట్, ‘చెయ్యక్కర్లేదు’కి డోంట్ హ్యావ్ టు. ఈ చివరి రెండూ కలిపేస్తే ఇంకో రాత్రి జాగారమే!

ఇది రాస్తుంటే అమ్మ మెసేజ్: ‘ఇవాళైనా తొందరగా రావాలి.’ ఇందులో డౌటే లేదు. మస్టే!