పరీక్ష ఆమె చేతికే ఇద్దాం

మన సంఘాల్లో స్త్రీల కూడిక జరిగినప్పుడు బీపీ కోసం, షుగర్ కోసం, మోకాళ్ల నొప్పుల కోసం ప్రార్థన మనవులు వస్తాయి. ముట్లు ఆగిపోయిన తర్వాత మళ్లీ కనిపించిన రక్తం గురించి మాత్రం ఎవరూ మనవి ఇవ్వరు. ఆ మాట బయటికొచ్చే సరికి చాలాసార్లు జబ్బు ముదిరిపోయి ఉంటుంది. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. దాదాపు 80,000 మంది చనిపోయారు.

ఇది ఉన్నట్టుండి మీద పడే జబ్బు కాదు. దాదాపు ప్రతి కేసుకూ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. సోకిన వారిలో ఎక్కువ మందికి ఒకటి రెండేళ్లలో అదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో క్యాన్సర్‌గా మారడానికి పది పదిహేనేళ్లో, ఇంకా ఎక్కువో పడుతుంది. పట్టుకోవడానికి అంత వ్యవధి ఉన్నా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 30-49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా తేలలేదు.

ఎందుకు వెళ్లరో మనకు తెలియనిది కాదు. షోలాపూర్‌లో బీడీలు చుట్టే మన అక్క సంతలో మరాఠీలో బేరమాడగలదు. బల్ల మీద పడుకుని, ముక్కూ మొహం తెలియని డాక్టరుకు తన లోపలి బాధ మరాఠీలో చెప్పడం వేరే సంగతి. చెన్నైలో చీపురు పట్టే చెల్లికి ఒక పూట ఆసుపత్రి అంటే ఒక రోజు కూలి పోవడమే. సిగ్గు ఒక్కటే అడ్డమని తేల్చేయడం పెద్దలకు సులువు.

అందుకే, స్త్రీ తన నమూనా తానే తీసుకునే పద్ధతిని మన యువత తెలుసుకోవాలి. చిన్న బ్రష్ లేదా దూదిపుల్ల లాంటిది యోనిలోకి పెట్టి, కొన్నిసార్లు తిప్పి, గొట్టంలో వేసి ఇవ్వడమే. గది తలుపు వేసుకుని తానే చేసుకోవచ్చు. ల్యాబ్‌లో అందులో హెచ్‌పీవీ డీఎన్‌ఏ ఉందో లేదో చూస్తారు. సరైన ల్యాబ్ పద్ధతి వాడితే డాక్టరు తీసిన నమూనాకు దాదాపు సమానంగా ఫలితం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లో దీన్ని అంగీకరించింది. 30 ఏళ్ల నుంచి, 5-10 ఏళ్లకోసారి చాలు. హెచ్ఐవీ ఉన్నవారు మాత్రం 25 నుంచే మొదలుపెట్టి, 3-5 ఏళ్లకోసారి చేయించుకోవాలి. రక్తస్రావం, దుర్వాసన ఉన్నవారికి ఈ కిట్ సరిపోదు. వాళ్లు నేరుగా డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

హెచ్‌పీవీ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని ముందుగా చూపినది మన పక్క పల్లెలే. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో (ఇప్పటి ధారాశివ్) 1,31,746 మంది స్త్రీలతో ఒక అధ్యయనం జరిగింది. అక్కడ నమూనా తీసింది ఆరోగ్య కార్యకర్తలే. 2009లో ఫలితం వచ్చింది: ఎనిమిదేళ్లలో, ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసిన సమూహంలో ఈ క్యాన్సర్‌తో 34 మంది చనిపోతే, పోలిక కోసం మామూలు వైద్యానికే వదిలిన సమూహంలో 64 మంది చనిపోయారు. అలా వదిలేయడంపై తర్వాత అభ్యంతరాలు వచ్చాయి. మా దృష్టిలో అవి న్యాయమైనవే. పేద స్త్రీల చావుల మీద రుజువైన ఈ సంగతి ఇన్నేళ్లయినా ఆ పేద స్త్రీల గడపకే చేరకపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో వెనిగర్ ద్రావణంతో చూసే పరీక్ష మీద జరిగిన అధ్యయనంలో అంబిళికైలోని క్రైస్తవ ఆరోగ్య కేంద్రం పాలుపంచుకుంది. అక్కడ ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయి. ఈ పని మిషన్ ఆసుపత్రులకు కొత్తది కాదన్నమాట.

ఇంకో జ్ఞాపకం కూడా మనకుంది. 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచినప్పుడు, హాస్టల్ బాలికల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపేశారు. తర్వాత జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చినా, అడగకుండా చేసిన తప్పు తప్పే. రేపు కిట్లు మన వాడలకు వస్తే, పాస్టరుగారు చెప్పారని తీసుకునే పరిస్థితి రాకూడదు. వద్దనే హక్కు కూడా ఆమెదే.

అసలు చిక్కు ఫలితం వచ్చాక మొదలవుతుంది. హెచ్‌పీవీ లైంగిక సంబంధంతో వచ్చేది. పాజిటివ్ అని తెలియగానే "ఎవరితో తిరిగావు?" అని ఇంట్లో అడిగితే, ఆమె రెండోసారి ఆసుపత్రి గడప తొక్కదు. ఇది భర్త నుంచే రావచ్చు, ఏళ్ల తరబడి కనిపించకుండా ఉండవచ్చు. ఎప్పుడు ఎవరి నుంచి సోకిందో ఏ పరీక్షా చెప్పదు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అనీ కాదు, పాపమనీ కాదు. ఈ రెండో ముక్క పులిపీఠం మీద నుంచి మగ నోటితో వినబడాలి. ఆమె ఫలితం మాత్రం సంఘ పెద్దలకు అక్కరలేదు, సాక్ష్యం చెప్పమని అడగనూ వద్దు.

పాజిటివ్ వచ్చిన స్త్రీ ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకోవాలి. అవసరమైతే మారిన కణాలను అక్కడే వేడితో తీసేస్తారు. ఆ ఒక్క ప్రయాణానికి తోడెవరు? ఆ రోజు కూలి ఎవరిస్తారు? కన్నడలోనో ఒడియాలోనో రాసిన చీటీ ఎవరు చదివి చెబుతారు? కోలారులో, బరంపురంలో, యానాంలో ఉన్న మన యువజన సంఘాలు ఈ నెల కూడికలో ఈ మూడు ప్రశ్నలే ముందు పెట్టుకోవాలని కోరుతున్నాం. దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో హెచ్‌పీవీ పరీక్ష ఉందో లేదో, పాజిటివ్ వస్తే ఎక్కడికి పంపుతారో అడిగి తెలుసుకుని మాకు రాయండి. లేదన్న జవాబే వచ్చినా రాయండి. జిల్లా ఆరోగ్య అధికారికి ఇవ్వబోయే వినతిపత్రంలో ఆ ఊర్ల పేర్లే ముందుంటాయి.