ఏడాదికో తరమా?

బియ్యం కొనేటప్పుడు పాతవేనా అని అడిగి, నాలుగు రూపాయలు ఎక్కువిచ్చి మరీ తెచ్చుకుంటాం. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి పాతది అన్న మాట వింటేనే ఇంటిల్లిపాదికీ నామోషీ. ఈ నామోషీ మీదే ఒక వ్యాపారం నడుస్తోంది.

మన లెక్కలో తరం అంటే పాతికేళ్ళు. అమ్మమ్మ, అమ్మ, నేను, నా కూతురు. ప్రాసెసర్ల లెక్కలో తరం అంటే దాదాపు ఏడాది. ఇంటెల్ ఆరో తరం 2015లో వచ్చింది, పద్నాలుగోది 2023లో. ఎనిమిదేళ్ళలో ఎనిమిది తరాలు! అన్నిసార్లూ కొత్త చిప్పు పుట్టిందా అంటే లేదు. 2023 అక్టోబర్‌లో డెస్క్‌టాప్‌లకు వచ్చిన పద్నాలుగో తరం, ముందటేడు వచ్చిన పదమూడోదాన్నే కాస్త వేగం పెంచి తెచ్చినది. లోపలి పేరు కూడా అదే, రాప్టర్ లేక్. రెండోదానికి రిఫ్రెష్ అని తోక తగిలించారు. పాత చీరకు కొత్త ఫాల్ కుట్టినట్టు. ఆ డిసెంబర్‌లో కోర్ అల్ట్రా అని పేరు మార్చి, నంబర్లు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.

అన్నీ మోసమే అనను. 2017లో ఎనిమిదో తరం వచ్చినప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌లలో వాడే ఐ5, రెండు కోర్ల నుంచి నాలుగు కోర్లకు పెరిగింది. ఇద్దరు వండే వంటింట్లో నలుగురు నిలబడ్డట్టు. అలాంటి ఏడాది ఎప్పుడో వస్తుంది.

మా ఇంట్లో ఉన్నది ఆ ఎనిమిదో తరందే, 2019లో కొన్నది. బాబు బీటెక్‌లో చేరాక, ఆన్ కావడానికే ఐదు నిమిషాలు పడుతోందని రామన్నపేట నుంచి రైలెక్కి పట్నంలో ఒక దుకాణానికి తీసుకుపోయాం. మూత కూడా తెరవకుండానే "గిప్పుడు పద్నాలుగోది నడుస్తుందక్కా, గిది దండుగ" అన్నాడు. అరవై వేలు చెప్పాడు. మా ఆయన తల ఊపుతున్నారు. నేను అడ్డం పడితే "నీకేం ఎరుక" అన్నారు. చిట్టీలు, పాలవాడి లెక్క, పాప హాస్టల్ ఫీజు అన్నీ నాకు ఎరుకే కదా, ఇదొక్కటీ ఎందుకు ఎరుక కాకూడదు?

ఇంటికొచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంది. ప్రాసెసర్ పది శాతం కూడా పనిచేయడం లేదు, డిస్క్ మాత్రం నూటికి నూరు. అంటే వంటామె ఖాళీగా కూర్చుంది, సామాను అర్ర నుంచి పప్పూ ఉప్పూ రావడం లేదు. పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్‌ఎస్‌డీ వేయించాం. ఆ అరవై వేలల్లో పదో వంతు కూడా కాలేదు. ఇప్పుడు అర నిమిషంలో తెరుచుకుంటుంది.

మా వాడకట్టులో ఒకామె ఇలాంటి మాటే నమ్మి చేతిగాజులు కుదువపెట్టింది. వాళ్ళబ్బాయి చేసేది వీడియో క్లాసులు చూడడం, నోట్స్ టైప్ చేయడం, చిన్న చిన్న ప్రోగ్రాములు రాయడం. వీటిలో పాతదాని మీద ఆగిపోయిన పని ఒక్కటీ లేదు. ఆమె చేతులు బోసిపోతే ఎవరికీ పట్టలేదు గానీ, ల్యాప్‌టాప్ మీద నంబర్ పాతబడితే ఇంట్లో అందరికీ పట్టింది. ఏ పని ఆగింది, ర్యామ్ పెంచితే సరిపోదా అని అక్కడే అడగండి. అడిగితే చిన్నబోయేదేమీ లేదు.

నిజంగా మార్చాల్సిన రోజు కూడా వస్తుంది. విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. విండోస్ 11కి ఇంటెల్‌లో, ఒకటి రెండు మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచే అనుమతి. 2017లో ఏడో తరం ల్యాప్‌టాప్ కొన్న ఇంటికి, 2021లో విండోస్ 11 వచ్చేసరికే తలుపు మూసేశారు. నాలుగేళ్ళు! ఆ చిప్పు ఏమీ చెడిపోలేదు. మైక్రోసాఫ్ట్‌కు పెద్ద మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. మనవాడని గర్వపడదాం, ఈ లెక్క మాత్రం అడుగుదాం. నమోదు చేసుకున్న ఇళ్ళకు 2026 అక్టోబర్ 13 దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఆ తర్వాతైనా పారేయనక్కర్లేదు, లైనక్స్ వేసుకోవచ్చు, దానికి పైసా కట్టక్కర్లేదు. మా బాబు స్నేహితుడి ఏడో తరం ల్యాప్‌టాప్‌లో అదే నడుస్తోంది. మొన్నటి సెమిస్టర్ ప్రాజెక్టు ఇద్దరూ దాని మీదే చేశారు.