అంకె పెరిగింది, ఎముక నిలవలేదు

గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. వంగి కాలివేళ్లు ముట్టుకోమంటారు. రెండు చేతులూ తల వెనక్కి పెట్టమంటారు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నల్గొండ జిల్లా గ్రామాల్లో, దానివల్ల వచ్చే ఎముకల జబ్బు ఫ్లోరోసిస్‌ను కనిపెట్టడానికి చేసే తొలి పరీక్ష ఇదే. ఈ మూడూ చేయలేని మనిషికి ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు తరచూ మామూలు కన్నా తెల్లగా, చిక్కగా కనిపిస్తాయి. ఎముక అంత చిక్కబడినా అతని ఒళ్లు వంగదు.

ఇదే ఫ్లోరైడ్‌ను వైద్యలోకం ఒకప్పుడు బోలు ఎముకల జబ్బుకు మందుగా నమ్మింది. ఎముకను కట్టే కణాలను అది ఉసిగొల్పుతుందన్నది ఆ నమ్మకానికి ఆధారం. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు దాన్ని ఈ జబ్బున్న, ముట్లుడిగిన 202 మంది మహిళల మీద నాలుగేళ్లు పరీక్షించి, 1990లో ఫలితాలు వెల్లడించారు. అందరికీ కాల్షియం ఇచ్చారు. సగం మందికి అదనంగా రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఇచ్చారు. వారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకల్లో ఫ్రాక్చర్లు మాత్రం ఫ్లోరైడ్ తీసుకోనివారిలో 24 అయితే, తీసుకున్నవారిలో 72. మోతాదు తగ్గించి ఫ్రాన్స్‌లో 354 మందిపై చేసిన అధ్యయనంలోనూ సాంద్రత పెరిగిందే తప్ప వెన్నుపూసల ఫ్రాక్చర్లు తగ్గలేదని 1998లో తేలింది.

పచ్చి వెదురు వంగి నిలుస్తుంది. ఎండుకట్టె వంగదు, పుటుక్కున విరుగుతుంది. ఎముక సంగతీ అంతే. ఫ్లోరైడ్ చేరిన ఎముకలో ఖనిజం తీరే మారిపోతుంది. లోపలి భాగం చిక్కబడినా బలం రాదు. మేయో అధ్యయనంలో ముంజేతి ఎముక సాంద్రత తగ్గింది కూడా.

అందుకే ఎముకల బలానికి ఫ్లోరైడ్ అన్న మాట ఏ రూపంలోనూ తిరిగి రాకూడదు. సాంద్రత పెరిగిందన్న ఒక్క సాక్ష్యంతో ఎముకల మందు దేనికీ అనుమతి ఇవ్వకూడదు. ఎముకలు విరగడం తగ్గిందా అన్నదే గీటురాయి కావాలి. ఫ్లోరైడ్ పల్లెల నుంచి వచ్చిన అవ్వకు ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో మంచి అంకె వస్తే, ‘భయం లేదు’ అని పంపేసే ముందు, ‘ఇన్నేళ్లూ ఏ నీళ్లు తాగావమ్మా?’ అని డాక్టర్ అడిగి తీరాలి.

ప్రభుత్వాల బాధ్యత ఇంకా పెద్దది. మన దేశంలో ఫ్లోరోసిస్ నెల్లూరు ప్రాంతంలో బయటపడి 1937లోనే వైద్య పత్రికలకెక్కింది. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు కాగితం మీద ఉంటే చాలదు. నల్లా ఆగిన రోజున ఊరు మళ్లీ పాత బోరు దగ్గరికి వెళ్లక తప్పని స్థితి ఉన్నంతకాలం ఆ హద్దుకు విలువ లేదు. ఏ బోరు నీరు తాగవచ్చో, ఏది కూడదో ప్రతి ఊళ్లోనూ ఏటా పరీక్షించి, ఆ బోరు మీదే రాయాలి. ఫ్లోరోసిస్‌తో వంగిన నడుమును నిలబెట్టే మందు లేదు. రేపటి పిల్లల నడుము వంగకుండా కాపాడే మంచినీళ్లు మాత్రం మన చేతిలో ఉన్నాయి.