బరువు తగ్గించే ఆపరేషను: పొట్టలో జరిగేదేమిటి?

“మా అమ్మాయికి 32 ఏళ్ళు. బరువు 110 కిలోలు, షుగరు కూడా వుంది. ఆపరేషను చేయించమంటున్నారు. పొట్ట చిన్నది చేస్తే ఇక పథ్యాల బాధ వుండదు గదా?” అని ఒక తల్లి అడిగారు. వుంటుందమ్మా. ఎందుకో తెలియాలంటే ముందు జీర్ణాశయం చేసే పని తెలియాలి.

జీర్ణాశయాన్ని అందరూ ఒట్టి సంచి అనుకుంటారు. అది తిన్నదాన్ని నిల్వ వుంచి, ఆమ్లంతో కలిపి మెత్తగా చిలికి, కొంచెం కొంచెంగా చిన్నపేగులోకి వదులుతుంది. ‘గ్రెలిన్’ అనే హార్మోనుతో మెదడుకు ఆకలి కబురు పంపుతుంది. ఈ హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. బి12 విటమిను వంటబట్టడానికి కావలసిన పదార్థం కూడా ఇక్కడే వూరుతుంది.

‘స్లీవ్’ ఆపరేషనులో జీర్ణాశయంలో సుమారు ముప్పాతిక వంతు తీసివేస్తారు. మిగిలేది చొక్కా చెయ్యిలాంటి సన్నని గొట్టం. గ్రెలిన్ ఎక్కువగా తయారయ్యే భాగం తీసిన ముక్కతోనే పోతుంది. అందుచేత నాలుగు ముద్దలకే కడుపు నిండుతుంది, ఆకలీ తగ్గుతుంది.

‘బైపాస్’ పద్ధతిని 1966లో అమెరికాలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ మొదలుపెట్టారు. తర్వాత అందులో చాలా మార్పులు వచ్చాయి. జీర్ణాశయం పైన కోడిగుడ్డంత సంచి మిగిల్చి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. ఆహారం మిగతా జీర్ణాశయాన్నీ, పేగు మొదటి భాగాన్నీ తాకకుండా పోతుంది. పేగులో వూరే హార్మోనులు మారి, బరువు బాగా తగ్గకముందే షుగరు అదుపులోకి రావడం కద్దు. అయితే పాయసమో, మైసూరుపాకో తింటే ఆ తీపి ఒక్కసారిగా పేగులో పడి చెమటలు, గుండెదడ, విరేచనాలు రావచ్చు. ఇనుము, కాల్షియం, బి12 సరిగా వంటబట్టవు.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఆపరేషనైన రెండు నెలలకు ఒకామెను మా ఆస్పత్రికి తెచ్చారు. మూడు వారాలుగా వాంతులు. బరువు తగ్గుతోంది గదా అని ఇంట్లోవారు సంతోషించారు. నీరసంగా వుందని వూళ్ళోనే గ్లూకోజు సెలైను ఎక్కించారు. మా దగ్గరకు వచ్చేసరికి నడక తూలుతోంది, ఒకటి రెండుగా కనబడుతోంది, మాట తికమకగా వుంది. అది బి1 విటమిను లోపం. శరీరంలో దాని నిల్వ కొద్ది వారాలకే సరి. అది లేనప్పుడు గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు మరింత చేటు. బి1 ఇంజక్షన్లతో చూపు చక్కబడింది గాని, నడక పూర్తిగా కుదుటపడలేదు. మొదటి వారంలోనే తెచ్చి వుంటే ఆ అవస్థ తప్పేది.

కనుక ఆపరేషను చేయించుకున్నవారు ఇవి మరవకండి:

వాంతులు రెండు రోజులైనా ఆగకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఆపరేషను సంగతి ముందే చెప్పండి. గ్లూకోజుకు ముందు బి1 ఇవ్వమని అడగండి.

విటమిను మాత్రలు జీవితాంతం వాడాలి. ఏటా రక్తపరీక్ష చేయించాలి.

ముందు పప్పు, గుడ్డు, పెరుగు తిని, తర్వాతే అన్నం తినండి. బాగా నమలండి. నీళ్ళు అరగంట ఆగి తాగండి.

ఒళ్ళు నొప్పుల మాత్రలు సొంతంగా కొని మింగవద్దు. పుండ్లు పడతాయి. షుగరు మందు మోతాదు డాక్టరు చేతనే మార్పించుకోండి.

ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా జాగ్రత్తపడాలి.

అమ్మా, మీ అమ్మాయికి ఆపరేషను వద్దని నేననను. అంత బరువూ, షుగరూ వున్నవారికి దానివల్ల మేలు జరుగుతుంది. అయితే ఒప్పుకునే ముందు సర్జనును ఒక మాట అడగండి: “తర్వాత పరీక్షలకు ఎప్పుడెప్పుడు రావాలి?” ఆ రాకపోకలకు మీ ఇంటిల్లిపాదీ సిద్ధమైతేనే ముందుకు వెళ్ళండి.