అగ్నిపర్వతపు పొగయు, ఆకాశపు గొడుగును

“అగ్నిపర్వత మొక్కటి ప్రేలినచో అది గ్రక్కు విషవాయువులకు లెక్క లేదు గదా! వానిముందు మన యిండ్లలోని రెఫ్రిజిరేటరు వాయు వేపాటిది? ఓజోను పొర చెడినదని మనుష్యులను నిందించుట యేల?” అని యొక సోదరి మాకు వ్రాసిరి. ప్రశ్న యుచితమైనదే. దీనికి సమాధానము 1991వ సంవత్సరమున ఫిలిప్పైన్సు దేశమునందు దొరకినది.

ముందుగా ఓజోను నెఱుగవలయును. మనము పీల్చు ప్రాణవాయువునందు పరమాణువులు రెండేసి కూడియుండును, ఓజోనునందు మూడేసి. భూమికి సుమారు 15 మొదలు 35 కిలోమీటర్ల యెత్తున ఇది హెచ్చుగా నుండి, సూర్యుని అతినీలలోహిత కిరణములలో హానికరమైన వానిని చాలవఱకు అడ్డగించుచున్నది. ఈ గొడుగు పలుచబడిన కొలదిని చర్మమునకు క్యాన్సరు, కంటికి శుక్లము కలుగు భయము హెచ్చును. పైరులకును కీడు వాటిల్లును.

1991 జూన్ 15వ తేదీన లూజాన్ ద్వీపమందలి పినటుబో పర్వతము ప్రేలినది. బూడిద మేఘము 35 కిలోమీటర్ల యెత్తున కెగసెను. దానితో కోటిన్నర మొదలు రెండు కోట్ల టన్నుల వఱకు సల్ఫర్ డయాక్సైడు, అనగా గంధకమును కాల్చినపుడు ముక్కు మండించు వాయువు, పైకి చేరెను. అగ్నిపర్వతములు క్లోరిను గల యామ్లమును గూడ విడుచును. కాని యది నీట కరగునది గనుక, వానతోడను ఆవిరితోడను చాలవఱకు క్రిందికే దిగిపోవును. పినటుబో ప్రేలిన పిమ్మట పై ఆకాశమున క్లోరిను చెప్పుకొనదగినంత హెచ్చలేదు.

గంధకవాయువు మాత్రము అచటనే నిలిచి, గంధకికామ్లపు సన్నని తుంపరలుగా మాఱి, సుమారు సంవత్సరములో భూగోళమంతటను వ్యాపించెను. 1992, 1993 సంవత్సరములలో ఓజోను మిక్కిలి తగ్గినట్లు కొలతలు తెలిపినవి. మఱి పర్వతపు క్లోరిను దిగిపోగా, ఓజోనును హరించిన దేది?

అది మనము పంపిన క్లోరినే. 1930 ప్రాంతము నుండి రెఫ్రిజిరేటరులలోను, పిచికారి డబ్బాలలోను క్లోరోఫ్లోరోకార్బనులను వాడుచు వచ్చిరి. అవి వానకు కరగవు, నిప్పున కాలవు. మెల్లమెల్లగా పైకి చేరి, ఎండ తీక్ష్ణతకు విడిపోయి క్లోరినును వెలువరించును. ఒక్క క్లోరిను పరమాణువు వేలకొలది ఓజోను అణువులను నాశనము చేయగలదు. సాధారణముగా నత్రజని వాయువులు ఈ క్లోరినులో కొంత భాగమును బంధించి యుంచును. పినటుబో తుంపరలపై ఆ నత్రజని వాయువులు నత్రికామ్లముగా మాఱిపోగా, క్లోరినునకు కట్లు సడలెను. దొంగను ఇంట చేర్చినది మనము; వాని కట్లు విప్పినది పర్వతము.

మనుష్యులు పంపిన క్లోరిను లేకున్నచో, అట్టి తుంపరల వలన ఓజోను తగ్గుటకు మాఱుగా స్వల్పముగా హెచ్చియుండునని శాస్త్రజ్ఞులు గణించినారు. కావున పర్వతము పెద్దది గనుక మన తప్పు చిన్నదనుట పొసగదు. మన తప్పు వలననే పర్వతపు పొగ ఓజోనునకు శత్రువైనది.

పర్వతమును ప్రేలవద్దని శాసింపజాలము. క్లోరినును మానుట మన చేతిలోనిది. ఇందులకై 1987లో మాంట్రియల్ నగరమున దేశములు ఒడంబడిక చేసికొనెను. మన దేశము 1992లో దానియందు చేరెను. 2010 నాటికి ఆ వాయువుల తయారు ప్రపంచమున దాదాపు నిలిచిపోయెను. అయినను పూర్వము పంపినవి యింకను పైన గలవు. ఓజోను 1980 నాటి స్థితికి వచ్చుట లోకమున చాలభాగమున 2040 ప్రాంతమున, దక్షిణ ధ్రువముపై 2066 ప్రాంతమున జరుగునని 2022లో ఐక్యరాజ్య సమితి వారి నివేదిక తెలిపినది. అంతవఱకు ఏ గొప్ప పర్వతము ప్రేలినను ఈ గండము తప్పదు.

కాబట్టి సోదరీమణులారా! ఇంట పాతబడిన రెఫ్రిజిరేటరునుగాని, గది చల్లబఱచు యంత్రమునుగాని పాత యినుపసామాను వానికి ఊరక అప్పగింపకుడు. గొట్టము విఱిచినచో అందలి వాయువు క్షణములో గాలి పాలగును. ముందుగా మరమ్మతు తెలిసినవానిని పిలిపించి, వాయువును సీసాలోనికి పట్టించి, పిమ్మట అమ్ముడు. ఇది మన వలన కాగల పని.